జనాభా ఎక్కువైందా, తక్కువైందా? ఒక పాత ఎన్యూమరేటర్ జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాగర్‌కర్నూల్‌లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నానన్నావు. చిన్నప్పుడు బడిలో ‘జనాభా విస్ఫోటనం’ మీద వ్యాసం రాసి ప్రైజు కొట్టావట. ఇప్పుడేమో పక్క రాష్ట్రం ముఖ్యమంత్రి ఎక్కువ మందిని కనమంటున్నారు, మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో పదకొండు మంది పిల్లలే మిగిలారు. ఏది నమ్మాలి, సుస్థిర అభివృద్ధికీ జనాభాకూ అసలు లంకె ఏమిటి అని అడిగావు.

నేను గణాంక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. 1991, 2001, 2011 జనగణనలు మూడింటికీ ఎన్యూమరేటర్‌గా, అంటే ఇల్లిల్లూ తిరిగి మనుషుల లెక్క రాసేవాడిగా, తిరిగాను. మక్తల్, కోస్గి, అచ్చంపేట, కొన్నాళ్ళు దేవరకొండ. పుస్తకంలో దొరికేది నువ్వే చదువుకుంటావు, కాబట్టి తిరిగి చూసింది కూడా కలిపి చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ముందు ప్రపంచం లెక్క, అది తేలిక. 1987లో 500 కోట్లు. 2022 నవంబరు 15న 800 కోట్లు అయ్యామని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ముప్పై అయిదేళ్ళలో 300 కోట్లు పెరిగామంటే గుండె గుభేలుమంటుంది. అయితే 1950లలో ప్రపంచం మొత్తం మీద ఒక్కో స్త్రీకి సగటున దాదాపు అయిదుగురు పిల్లలు. ఇప్పుడు 2.25. ఒక తరం పోయాక తర్వాతి తరం అంతే సంఖ్యలో నిలబడాలంటే 2.1 కావాలి. సగానికి పైగా దేశాలు ఇప్పటికే దానికి కిందికి దిగిపోయాయి. 2024లో వేసిన ఐరాస అంచనా ప్రకారం 2080ల మధ్యలో ప్రపంచ జనాభా సుమారు 1,030 కోట్ల దగ్గర ఆగి, ఆపై మెల్లగా తగ్గుతుంది. చైనాలో 2022 నుంచే తగ్గుతోంది. దక్షిణ కొరియాలో 2023లో ఈ సగటు 0.72కి పడింది. ఆఫ్రికాలోని నైజర్‌లో మాత్రం ఇంకా ఆరు దగ్గరే ఉంది.

ఇక మన దేశం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇదే సగటు దేశానికి 2.0 వచ్చింది. తెలంగాణ 1.8, ఆంధ్ర 1.7, బీహార్ 3.0. ఈ నాలుగు అంకెలు గుర్తుంచుకో, కింద పనికొస్తాయి.

నువ్వడిగిన రెండూ నిజమే. పెరగడమూ నిజమే, తగ్గడమూ నిజమే. ఒకే సమయంలో ఎట్లా అంటావేమో. ఒక ఊరు అనుకో. ఊళ్ళో ఇరవై ముప్పై ఏళ్ళ జంటలు వంద ఉన్నాయి, డెబ్భై దాటిన ముసలివాళ్ళు అరవై మందే ఉన్నారు. ప్రతి జంటా ఇద్దరితో ఆపేసినా పదేళ్ళలో 200 మంది పుడతారు, పోయేది అరవై మంది. ఇద్దరికే ఆపినా ఊరు 140 మంది పెరిగింది. తాతలు అయిదారుగురిని కన్న ఫలం మనవళ్ళ కాలంలో కనపడుతుందన్నమాట. అందుకే దేశం సగటు 2.0కి వచ్చినా మన జనాభా 2060ల మొదటి దాకా పెరిగి, 170 కోట్ల దగ్గర ఆగుతుందని అంచనా. అదే లెక్క తిప్పి చూడు. ఇవాళ బడిలో పిల్లలు తగ్గితే, ఊళ్ళో పనిచేసే వయసువాళ్ళు తగ్గడం ఇరవై ఏళ్ళకు తెలుస్తుంది, ముసలివాళ్ళ బరువు నలభై ఏళ్ళకు. ప్రభుత్వాల కాలం అయిదేళ్ళు. చిక్కంతా అక్కడే ఉంది.

జనం ఎక్కువ మందిని ఎందుకు కంటారు, ఎందుకు ఆపేస్తారు? దీనికి నాకు పాఠం చెప్పింది గద్వాల వైపు సీడు పత్తి చేలు. గట్టు, మల్దకల్ మండలాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. దానికి సాయంత్రం ఒక్కో మొగ్గ విప్పి మగ భాగం తీసేసి, మర్నాడు పొద్దున చేత్తో పుప్పొడి అంటించాలి. ‘క్రాసింగ్’ అంటారు. మొక్క ఎత్తు తక్కువ, మొగ్గ సున్నితం, కాబట్టి పెద్దవాళ్ళ కన్నా పది పన్నెండేళ్ళ ఆడపిల్లల చేతులైతే బాగా ఆడతాయని రైతులు అనేవాళ్ళు. సీజన్ వస్తే బడి ఖాళీ. పదేళ్ళకే బిడ్డ కూలి తెచ్చే ఇంట్లో, ఇంకో బిడ్డ పుట్టడం భారం ఎట్లా అవుతుంది? అదే పిల్లకి ఫీజు, పుస్తకాలు, హాస్టల్, కోచింగ్ అని ఖర్చు మొదలైతే తల్లిదండ్రులే ఇద్దరు చాలంటారు. ఏ పోస్టరూ అక్కర్లేదు. 2011లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అన్నింటికన్నా అడుగున.

ఇక్కడే ఒక వింత ఉంది, పరీక్షలో అడిగినా అడుగుతారు. కేరళలో ఆడవాళ్ళు చదువుకున్నారు, పిల్లలు తగ్గారు. అర్థమయ్యే విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటికి అక్షరాస్యత 44 శాతమే. అయినా సగటు 1992-93లో 2.6 ఉన్నది 2005-06కల్లా 1.8కి దిగింది. అంత చదువు లేకుండానే. జనాభా శాస్త్రజ్ఞులు దీనిమీద చాలా రాశారు: టీవీ అన్నారు, డ్వాక్రా సంఘాలన్నారు, ప్రైవేటు బడి ఫీజులన్నారు. అన్నిట్లోనూ కొంత నిజముంది. కానీ నేను చూసినంతలో అసలు పనిముట్టు ఒక్కటే, ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఇప్పటికీ తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ అయినవాళ్ళే. మగవాళ్ళది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అది కత్తెర పెట్టినా గంటలో ఇంటికి పోయే పని అయినా సరే.

1996 దాకా దేశమంతా టార్గెట్ల పద్ధతి, ఏడాదికి ఇన్ని ఆపరేషన్లు చేయించాలని. ఊరి నర్సు ఏఎన్‌ఎంకే కాదు, టీచరుకూ పట్వారీల తర్వాత వచ్చిన గ్రామాధికారులకూ మాబోటి వాళ్ళకూ ‘ఇన్ని కేసులు తేవాలె’ అని ఒత్తిడి ఉండేది. మార్చి వచ్చిందంటే టెన్షన్. ఒక క్యాంపు, ఎక్కడో చెప్పను, ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. బడి వరండాలో చాపల మీద ఇరవై ఏడు మంది ఆడవాళ్ళు వరసగా పడుకుని ఉన్నారు. మత్తు దిగక మూలుగుతున్నారు. పక్కన అత్తలు చంకల్లో పసిపిల్లలతో కూర్చున్నారు. రిజిస్టరులో వయసు రాసే పని నాది. ఒకామె ఇరవై రెండు అంది, వెనక అత్త ‘ఇరవై అయిదు రాయి సారూ’ అంది. పదహారుకో పదిహేడుకో పెళ్ళి, ఇరవై ఒకటికల్లా ఇద్దరు, ఆ పైన ఆపరేషన్. సగటు అంకె చూస్తే మనం స్వీడన్ పక్కన నిలబడతాం. ఆ అమ్మాయి బతుకు చూస్తే నిలబడగలమా? 2019-21 సర్వేలో కూడా తెలంగాణలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 23.5 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేవరకొండ తండాల్లో ఆడ శిశువులను అమ్ముకున్న సంగతులు 1999 ప్రాంతంలో పేపర్లకెక్కాయి. కట్నం భయం, పేదరికం, కొడుకు కోసం ఎదురుచూపు ఒక్కచోట కలిస్తే ఇట్లా ఉంటది. పిల్లలు తగ్గితే ఆడవాళ్ళ స్థితి దానంతటదే బాగుపడుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

విధానాల చరిత్ర కూడా ఈ రెండు దారుల మధ్యే నడిచింది. 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా పెట్టిన మొదటి దేశం మనదే. 1974లో బుకారెస్టులో జరిగిన ప్రపంచ జనాభా సదస్సులో మన మంత్రి కరణ్ సింగ్, అభివృద్ధే అన్నిటికన్నా మంచి గర్భనిరోధకం అన్నారు. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. రెండేళ్ళు తిరక్కుండానే మన దగ్గర ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఒకవైపు మాట అది, మరోవైపు చేత ఇది. 1994లో కైరో సదస్సులో 179 దేశాలు కూర్చుని, సంఖ్యల టార్గెట్లు వదిలి ఆడవాళ్ళ చదువు, ఆరోగ్యం, ఎప్పుడు ఎంతమందిని కనాలో తేల్చుకునే హక్కు వాళ్ళదే అనే వైపు మళ్ళాయి. మన టార్గెట్లు 1996లో పోయింది ఆ గాలికే. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 17, వాటి కింద 169 ఉప లక్ష్యాలు. అన్నీ వెతుకు. ‘జనాభా ఇంతకు తగ్గాలి’ అనే వాక్యం ఒక్కటి కూడా దొరకదు. 3.7లో గర్భనిరోధక సేవలు, 5.3లో బాల్య వివాహాలు, నాలుగులో చదువు ఉంటాయి. మర్చిపోయి వదిలేసింది కాదది, కైరో నుంచి నేర్చుకున్నది.

‘జనం ఎక్కువై నీళ్ళు చాలట్లేదు, చెట్లు పోతున్నాయి’ అనే మాటకు వద్దాం. నేనూ ఒకప్పుడు ఉపన్యాసాల్లో అదే చెప్పాను, సిగ్గుపడుతున్నాను. ఒక లెక్క వేద్దాం. మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అని పెట్టుకున్నారు. ఏడాదికి 36,500 లీటర్లు. యాసంగి వరికి పంట మొత్తం మీద సుమారు నాలుగు అడుగుల నీళ్ళు పెడతాం అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. అంటే ఒక ఎకరం వరి తాగే నీళ్ళతో 130 మంది ఏడాదంతా తాగి, వండుకుని, స్నానాలు చేయొచ్చు. వరి వేయొద్దని అనడం లేదు, మాదీ వరి పొలమే. కానీ బోర్లు ఎండిపోవడానికి కారణం పుట్టిన పిల్లలని మాత్రం చెప్పకు. నల్లగొండలో ఫ్లోరైడ్ చూడు. రాళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంది, బోర్లు లోతుకు పోయే కొద్దీ నీళ్ళలో పెరిగింది. మర్రిగూడ వైపు వంగిన కాళ్ళతో నడిచిన పిల్లలను ఎవరు మరిచిపోతారు? పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు వచ్చింది గానీ మనుషులకు ఊరట వచ్చింది మాత్రం కృష్ణ నీళ్ళు కుళాయిలో పడ్డాకే. గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ సంగతీ ఇంతే. అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నులు, మన దగ్గర 2 టన్నులు. మక్తల్‌లో పుట్టిన మూడో బిడ్డను భూమికి భారం అనే ముందు ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకో.

అట్లని సంఖ్యకు విలువే లేదనీ కాదు. నైజర్ లాంటి చోట ప్రతి ఇరవై ఏళ్ళకూ రెట్టింపయ్యే పిల్లలకు బడులు, టీకాలు, టీచర్లు పెట్టాలంటే ఏ ప్రభుత్వమైనా పరుగెత్తి పరుగెత్తి ఉన్నచోటే ఉంటుంది. మన బీహార్‌కూ కొంతవరకు అదే బాధ. అక్కడ ఆడపిల్లను పదో తరగతి దాకా బడిలో ఉంచడం కన్నా గొప్ప జనాభా విధానం నాకు తెలిసి లేదు.

ఇప్పుడు బీహార్ 3.0, మన 1.8 పక్కపక్కన పెట్టు. మిర్యాలగూడకు ఎప్పుడైనా పోతే ఏదైనా రైస్‌మిల్లు గేటు దగ్గర పది నిమిషాలు నిలబడు. లారీ నుంచి బస్తా వీపు మీద వేసుకుని, వంగి, చెక్క మీదుగా పైకెక్కి దులిపేది బీహార్ హమాలీలు. మేస్త్రీ తెలుగులో కేక వేస్తాడు, వాళ్ళు భోజ్‌పురిలోనో మైథిలిలోనో జవాబిస్తారు, పని ఆగదు. 2020 మే నెలలో దేశంలో వలస కూలీలంతా సొంతూళ్ళకు నడుస్తుంటే, బీహార్‌లోని ఖగడియా నుంచి హైదరాబాద్ పక్క లింగంపల్లికి ఒక రైలు రెండొందల మందికి పైగా కూలీలను ఎదురు తీసుకొచ్చింది. మిల్లుల్లో పని కోసం. దేశం మొత్తంలో ఆ వారం అట్లా ఎదురొచ్చిన రైలు చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆ సర్వే పట్టికే రైలెక్కి వచ్చినట్టు అనిపించింది.

ఎందుకంటే ఒకప్పుడు ఆ రైల్లో ఉన్నది మనమే. నాగార్జునసాగర్ కట్టినప్పటి నుంచి దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా, కాల్వ తవ్వినా పాలమూరు లేబర్ అక్కడ ఉంది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, కుటుంబం మొత్తం లారీ ఎక్కేది. 2011 ఫిబ్రవరిలో కోస్గి అవతల ఒక ఊళ్ళో మధ్యాహ్నం దాకా తిరిగాను. వీధికి పది ఇళ్ళుంటే ఆరింటికి తాళాలు. ఒక గడప ముందు ముసలమ్మ, పక్కన ఆరేళ్ళ మనవడు. ‘అవ్వా, ఇంట్ల ఎంతమంది?’ అన్నాను. ‘తొమ్మిది మందిమి బిడ్డా. నేనూ ఈ పోరడూ తప్ప అందరూ బొంబాయిల ఉన్నరు. ఉగాదికి వస్తరు’ అంది. జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ రోజులన్నీ ఊళ్ళో లేనివాళ్ళను అక్కడ రాయకూడదు, ఉన్నచోట లెక్కవుతారని రూలు. ఇద్దరినే రాశాను. ‘అందర్నీ రాస్కో, నా కడుపున పుట్టినోళ్ళే కద’ అని ఆమె గొడవ. వాళ్ళు బొంబాయిలో ఏ అపార్ట్‌మెంట్ పునాది పక్కన రేకుల షెడ్డులో ఉన్నారో, అక్కడి ఎన్యూమరేటర్ ఆ షెడ్డు దాకా పోయాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? ఆ ఊరికి రేషన్, అంగన్‌వాడీ, నీళ్ళ ట్యాంకు అన్నీ నేను రాసిన ఇద్దరిని బట్టే కదా లెక్కకట్టేది. అందుకే ‘జనాభా ఎంత’ అనే ప్రశ్న కన్నా ‘ఏ వయసువాళ్ళు, ఏ నెలలో, ఎక్కడ’ అనే ప్రశ్న నాకు ముఖ్యం.

డబ్బు పంపకం సంగతి క్లుప్తంగా చెప్తాను, నీకు ఎకానమీ పేపర్‌లో వస్తుంది. కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంత వాటా అని తేల్చే 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాకు 15 శాతం వెయిటేజీ ఇచ్చి, పిల్లలు తగ్గించుకున్న రాష్ట్రాలు నష్టపోకుండా జనాభా పనితీరుకు 12.5 శాతం పెట్టింది. అయినా తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102 శాతానికి పడింది. తలసరి ఆదాయం ఎక్కువ కావడమే అందులో పెద్ద కారణం, దాన్ని మాత్రం ఎవరూ సభల్లో చెప్పరు. రాష్ట్రాలకు లోక్‌సభ సీట్లు 1971 జనగణన లెక్క మీద ఆగి ఉన్నాయి, 2026 తర్వాత వచ్చే మొదటి జనగణనతో ఆ తాళం తీస్తారు. దక్షిణాదిలో ‘ఎక్కువ కనండి’ అనే పిలుపు వెనక సగం, డబ్బూ సీట్లూ తగ్గిపోతాయనే ఈ భయమే ఉంది.

ఆ పిలుపు పనిచేస్తుందా? నాకు నమ్మకం లేదు. దక్షిణ కొరియా ఏళ్ళ తరబడి డబ్బు గుమ్మరించి ఎక్కడికి చేరిందో పైన చూశావు. చైనా ఒక్కరే అన్న చోటు నుంచి 2021కి ముగ్గురు దాకా అని గేట్లు తెరిచినా లోపలికి ఎవరూ రాలేదు. మన దగ్గర పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన 1994 చట్టంలో పెట్టారు. దాని పుణ్యమా అని మూడో బిడ్డను అన్న పేరు మీద రాయించిన వార్డు మెంబర్లను నేనెరుగుదును. ఆంధ్రలో 2024లో ఆ నిబంధన తీసేశారు, 2025లో తెలంగాణ మంత్రివర్గమూ తీసేయాలని తీర్మానించింది. మంచిదే. కానీ వద్దన్నప్పుడు ఆడవాళ్ళను అడగలేదు, కావాలన్నప్పుడూ అడగట్లేదు. పసిపిల్లను చూసుకునే దిక్కులేక ఉద్యోగం మానేసిన మా కోడల్ని అడిగితే ఒక్క ముక్కలో చెప్తుంది: ముందు ఆఫీసు దగ్గర క్రెష్ పెట్టమనండి.

తప్పించుకోలేనిది ముసలితనం. 2011లో దేశంలో అరవై దాటినవాళ్ళు 8.6 శాతం. 2050కల్లా ప్రతి అయిదుగురిలో ఒకరు అవుతారని అంచనా. యూరప్ ముందు డబ్బు సంపాదించి తర్వాత ముసలిదైంది, మనకు ఆ వరస కుదిరేట్టు లేదు. మా వీధిలోనే చూస్తున్నాను. కొడుకు పూణెలో, కూతురు హైదరాబాద్‌లో, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు. వచ్చే దిక్కు ప్రభుత్వమిచ్చే ముసలివాళ్ళ పింఛన్, నెలకోసారి బీపీ మాత్రలు తెచ్చే ఆశా అమ్మాయి. ఆ అమ్మాయి రిజిస్టరు మొత్తం గర్భిణులకూ బాలింతలకూ తయారుచేసింది. కాన్పుల కాలం ఆలోచనతో కట్టిన వ్యవస్థను మోకాళ్ళ నొప్పులు, మతిమరుపు కాలానికి మార్చాలి. జనాభా విధానం అంటే నా దృష్టిలో ఇకమీద ఇదే పని.

మీ ఊరి బడి సంగతి. పదకొండు మందే ఉన్నారని వెంటనే జనాభా తగ్గిందనుకోకు. హెడ్మాస్టరును అడిగి అడ్మిషన్ రిజిస్టరు తీయి, 1995, 2005, 2015, ఇప్పుడు, ఒకటో తరగతిలో ఎందరు చేరారో రాసుకో. తర్వాత అంగన్‌వాడీలో ఆరేళ్ళలోపు పిల్లలను లెక్కపెట్టు. పొద్దున ఏడున్నరకు ఊరి సెంటర్లో నిలబడి ప్రైవేటు స్కూలు వ్యాన్లెక్కే పిల్లలనూ లెక్కపెట్టు. చాలా ఊళ్ళలో పుట్టుకలు సగమయ్యాయి, మిగతా సగాన్ని వ్యాన్లు ఎత్తుకుపోయాయి. రెండు రోగాలకు మందు ఒకటి కాదు.

చివరిగా ఒకటి, పరీక్షకు పనికొస్తుంది. సుస్థిర అభివృద్ధి 17వ లక్ష్యం కింద ఒక సూచిక ఉంది: గత పదేళ్ళలో కనీసం ఒక్క జనగణన చేసిన దేశాలెన్ని అని. మనం 2011 తర్వాత ఒక్కటీ పూర్తి చేయలేదు. రేషన్ కోటా ఇప్పటికీ 2011 తలల మీదే నడుస్తోంది. కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, మనుషుల లెక్క ఫిబ్రవరిలో. అంటే మళ్ళీ బొంబాయి సీజన్లోనే. మీ ఊళ్ళో తాళం పడే ఇళ్ళవాళ్ళ ఫోన్ నంబర్లు ఇప్పుడే రాసిపెట్టుకో, వాళ్ళున్నచోట ఎన్యూమరేటర్ వచ్చాడో లేదో ఆ నెలలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగు.